కుప్ప మధ్యలో చెయ్యి పెట్టి చూడరా

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. రాజమండ్రిలో నువ్వు పెట్టబోయే హోటల్లో పేపర్ టిష్యూలు ఉండవట, ప్రతి కుర్చీకీ గుడ్డ న్యాప్‌కినేనట. "అంతా నీ పోలికే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్ లినెన్ రూమ్‌లో ఇరవై ఏడేళ్ళు ఆ గుడ్డలే లెక్కపెట్టి, ఉతికించి, చిరిగినవి ఏరి పక్కన పెట్టి రిటైరైనదాన్ని. మన ఇంట్లో ఒక్కడికైనా గుడ్డ విలువ తెలిసిందని గర్వపడ్డాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను. ముందు నీ బేరం సంగతి చూద్దాం.

40 సీట్లకి వంద న్యాప్‌కిన్లు కొంటున్నావట. ఏం లెక్కరా అది? మధ్యాహ్నం రెండు బంతులు, రాత్రి రెండు బంతులు వేసుకో. రోజుకి 160. అవి ఉతుకులో ఉండగా మర్నాటికి ఇంకో 160 కావాలి. ఇస్త్రీ అయి బీరువాలో ఉండాల్సినవి ఇంకో 160. చిరిగేవీ, పోయేవీ కలిపి 500 చెప్పు. అంత డబ్బు లేకపోతే సీట్లు తగ్గించు గానీ న్యాప్‌కిన్లు తగ్గించకు. తడి ఆరని గుడ్డ తెచ్చి అతిథి ముందు పెట్టడం కంటే టిష్యూలే నయం.

షాపులో నీకు పాలిస్టర్ చూపిస్తారు. ముడత పడదు, రంగు పోదు, చవక అంటారు. అన్నీ నిజమే. కానీ మూతి తుడుచుకుంటే నెయ్యి ఇటు నుంచి అటు జరుగుతుందే గానీ గుడ్డలోకి పోదు. నూలే తీసుకో. అమ్మేవాడి మాట మీద కాదు, అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్ల అంటించి చూడు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఇంకోటి, కొత్త నూలు మీద నీళ్ళ చుక్క వేసి, పీల్చలేదని వెనక్కి పంపేసేవు! నేతప్పుడు పెట్టిన గంజి ఇంకా దాని మీదే ఉంటుంది. ముందు ఒక్కటి తెచ్చుకో, మూడుసార్లు ఉతుకు, అప్పుడు చుక్క వెయ్యి. కొలత కూడా అప్పుడే చూడు. ముడుచుకుపోగా 20 అంగుళాల చదరం మిగలాలి.

మంగళగిరి గుడ్డ తీసుకుంటే బాగుంటుందని అన్నావట. నీ ముచ్చట నాకు తెలుసు. అయితే చీరకి అందమిచ్చే ఆ సన్నదనం రోజూ మిషన్‌లో పడి నలిగే గుడ్డకి పనికిరాదురా. తమిళనాడులో కరూర్ వాళ్ళు ఇలాంటి టేబుల్ గుడ్డలు నేసి విదేశాలకి పంపుతారు, అక్కడ అడుగు. 200 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు గుడ్డ 200 గ్రాముల చుట్టూ తూగేలా ఉండి, నాలుగు వైపులా మడిచి కుట్టినది చాలు. పెడన కలంకారీ మీద మోజుంటే గోడకి వేలాడదియ్యి.

రంగు తెలుపే. మన పప్పుకీ పులుసుకీ తెలుపేంటని మీ అమ్మ అంటుంది, అననీ. ముదురు రంగు మరకని దాస్తుంది, తెలుపు చూపిస్తుంది. చూపిస్తేనే కదా ఉతికేది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రగా రక్తంలా అవుతుంది. మొదటిసారి చూసి నేను కూడా గుడ్డ పాడైపోయిందని కంగారుపడ్డాను. సబ్బు పోయేదాకా జాడిస్తే మళ్ళీ పచ్చబడుతుంది. ఆ తడి మీదే ఎండలో వేస్తే సాయంత్రానికి ఎక్కడుందో వెతుక్కోవాలి. నీ మేడ మీద రోజంతా కాసే గోదావరి ఎండ ఉండగా బ్లీచింగ్‌కి డబ్బులెందుకు? బ్లీచింగ్ ఎక్కువైతే పోగు చచ్చిపోతుంది, వేలు పెడితే చిరుగుతుంది. తప్పక వాడాల్సి వస్తే యాసిడ్‌తో, వెనిగర్‌తో కలపనివ్వకు. విషవాయువు వస్తుంది.

ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, గుడ్డ నీళ్ళు పీల్చదు. గంజి కూడా పలచగానే. విసనకర్రల్లా, తామరపువ్వుల్లా మడిపించకు. ఒక్క పువ్వు మడిచేలోపు కుర్రాడి పది వేళ్ళూ ఆ గుడ్డంతా తిరుగుతాయి. దాంతోనే మనిషి మూతి తుడుచుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు డ్రయ్యర్ కూడా కొంటున్నావని మీ నాన్న చెప్పాడు. అక్కడే నా నిద్ర పోయింది.

1998 మాఘమాసం. మా హోటల్లో పెళ్ళి విందు, నాలుగు వందల మంది. గోంగూర, ఆవకాయ, నేతి గారెలు. న్యాప్‌కిన్లన్నీ నూనె కారుతూ కిందికి వచ్చాయి. మర్నాడు పొద్దున్నే ఇంకో విందు. రాత్రి పదిన్నరైంది. మీ మామయ్యకి జ్వరం, నాకు ఇంటికి వెళ్ళాలని తొందర. నీళ్ళు సరిగ్గా కాగకుండానే ఒక్క ఉతుకుతో సరిపెట్టించాను. డ్రయ్యర్ చివర్లో పది నిమిషాలు వేడి లేకుండా తిప్పాలి, గుడ్డ చల్లారడానికి. అది కూడా ఆపించేశాను. వేడి వేడిగా తీసి, క్యాన్వాస్ బండిలో కుక్కి, లినెన్ రూమ్‌లోకి తోసి తాళం వేసుకుని వెళ్ళిపోయాను. తీసేటప్పుడు కాగిన నూనె వాసన వచ్చింది. వచ్చిందని నాకు తెలుసు.

తెల్లవారుజామున మూడింటికి వాచ్‌మన్‌కి తలుపు కింద నుంచి పొగ కనిపించింది. లోపల మంట లేదు. పైన గుడ్డలు మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి. వాటిని లాగేసరికి మధ్యలోకి గాలి తగిలి భగ్గుమంది. అతని కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆర్పాక చూస్తే కుప్ప మధ్యలోవి బొగ్గు. వాటి చుట్టూ ఉన్నవి మాడిన అప్పడం రంగు. ఒకటి ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అంచులు తెలుపు, మధ్యలో అరచెయ్యంత గోధుమరంగు మచ్చ. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది.

ఎవరో సిగరెట్ పడేశారన్నారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు బీడీ కాలుస్తాడు. వాడి మీద పెట్టేశారు. మూడు రోజులు నేను నోరు విప్పలేదు. అప్పటికి నాకు కారణం తెలియదు, ఆ మాట నిజమే. కానీ చల్లార్చకుండా తీయించానని తెలుసు కదా! నాలుగో రోజు బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయన చెప్పాడు: గుడ్డలో మిగిలిన నూనె గాలితో కలిసి తనంతట తానే వేడి పుట్టిస్తుంది, విడిగా ఆరేస్తే ఆ వేడి గాలికి పోతుంది, కుప్పలో పోయే దారి లేక పెరిగి పెరిగి అంటుకుంటుంది, డ్రయ్యర్ వేడి దానికి ముందే ఊపిరి పోసింది అని. అప్పుడు వెళ్ళి మేనేజర్‌కి చెప్పాను. నా రెండు ఇంక్రిమెంట్లు ఆపేశారు. కుర్రాడు అప్పటికే నల్గొండ వైపు వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. కబురు పంపాం, రాలేదు.

మన నువ్వుల నూనెకీ, పొద్దుతిరుగుడు నూనెకీ కూడా ఈ గుణం ఉందిరా. అందుకని నూనె గుడ్డల్ని ముందు గిన్నెల సబ్బు నీళ్ళలో నానబెట్టు, తర్వాత బాగా వేడి నీళ్ళలో ఉతికించు. ఆరాక కూడా నూనె వాసన వస్తే మళ్ళీ ఉతకాల్సిందే, బీరువాలోకి పోకూడదు. డ్రయ్యర్‌లో చల్లగా తిరిగేదాకా తలుపు తియ్యనివ్వకు. రాత్రి తాళం వేసేముందు కుప్ప పైన కాదు, మధ్యలో నువ్వే చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలితే అన్నీ విడదీసి పరిచి, చల్లారాకే ఇంటికి వెళ్ళు. వంటింట్లో పెనం తుడిచే మసిగుడ్డలు వీటితో కలవనివ్వకు. వాటికి నీలం రంగువి వేరే కొని, రాత్రికి మూత ఉన్న ఇనప డబ్బాలో వేయించు. లేకపోతే నెల తిరక్కుండా నీ తెల్ల న్యాప్‌కిన్లన్నీ పెనాల దగ్గరే తేలతాయి. కుర్రాళ్ళని తిట్టి లాభం లేదు. చేతికి ఏది అందితే దాంతోనే తుడుస్తారు.

భయపెట్టానా? ఆ డ్రయ్యర్ డబ్బులతో మేడ మీద నాలుగు దండేలు కట్టించుకోకూడదూ? వానాకాలం సంగతి అప్పుడు చూద్దాం. ప్రారంభానికి రెండు రోజుల ముందే వస్తాను, 500 నేనే లెక్కపెడతాను. మూల కుట్లు సరిగ్గా లేనివి నా చేతుల్లోంచి దాటవు. నువ్వు వేళకి తిను. గొంతు బొంగురుపోయిందని మీ నాన్న అన్నాడు.

మీ అత్త

ఉత్తరం మడిచాక మీ అమ్మ ఫోన్ చేసి ఉలవచారు కూడా పెడుతున్నావని చెప్పింది. ఇరవై ఏడేళ్ళలో నేను ఓడిపోయిన మరక అదొక్కటే. ఆ గిన్నె వెళ్ళే టేబుల్ మీద పేపర్ టిష్యూలు పెట్టు, నేనేమీ అనుకోను.