యూకాన్‌లో చేరుతున్నారా? ముందు అమ్మాయిల మ్యాచ్ చూడండి

"వచ్చే ఫాల్‌లో యూనివర్సిటీ ఆఫ్ కనెక్టికట్‌లో ఎమ్మెస్‌కి చేరుతున్నాను. అక్కడ బాస్కెట్‌బాల్ పిచ్చి బాగా ఎక్కువట. అబ్బాయిల మ్యాచ్‌లకి వెళ్లాలా, అమ్మాయిల మ్యాచ్‌లకి వెళ్లాలా?" అని అడిగారు. నేను చదివింది అక్కడే. టైమ్ ఉంటే రెండూ చూడండి. ఒక్కటే కుదిరితే మాత్రం అమ్మాయిలదే చూడండి, ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

యూకాన్ (యూనివర్సిటీ ఆఫ్ కనెక్టికట్) ఉన్న స్టోర్స్ చిన్న ఊరు. క్యాంపస్‌లోనే ఆవుల కొట్టాలు, డెయిరీ బార్ ఐస్‌క్రీమ్, మిగతాదంతా చెట్లే. చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. అలాంటి చోట క్యాంపస్‌లోని గ్యాంపెల్ పెవిలియన్ అనే ఇండోర్ స్టేడియంలో పదివేల మంది కూర్చుని అమ్మాయిల ఆట చూస్తారు. రిటైరైన దంపతులు మనవరాళ్లని వెంటబెట్టుకుని వస్తారు. జీనో ఆరియెమ్మా 1985లో కోచ్‌గా చేరేనాటికి ఆ టీమ్ ఓటముల కంటే గెలుపులు ఎక్కువ చూసిన సీజన్ ఒక్కటే. ఆయన ఏడేళ్ల వయసులో ఇటలీ నుంచి వలస వచ్చినవాడు. 1995లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 35 గెలిచి మొదటి జాతీయ టైటిల్ తెచ్చాడు. అబ్బాయిల మొదటి టైటిల్ 1999లో గానీ రాలేదు. 2025 నాటికి అమ్మాయిలవి 12, అబ్బాయిలవి 6. యూకాన్‌కి పేరు తెచ్చింది ఎవరో ఇంక వేరే చెప్పాలా?

నాకు బాగా గుర్తున్నది 2017 మార్చి 31, డల్లాస్‌లో జరిగిన జాతీయ కాలేజీ టోర్నమెంట్ సెమీఫైనల్. ఆ సీజన్ అబ్బాయిల టీమ్ గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ, కాబట్టి క్యాంపస్ ఆశలన్నీ అమ్మాయిల మీదే. వాళ్లేమో వరసగా 111 మ్యాచ్‌లు గెలిచి ఉన్నారు. ఎదుట మిసిసిపీ స్టేట్. ఏడాది ముందు అదే టీమ్‌ని మనవాళ్లు 98-38తో ఓడించారు. అపార్ట్‌మెంట్‌లో రూమ్‌మేట్స్ అందరం పులిహోర కలుపుకుని టీవీ ముందు కూర్చున్నాం. మొదటి సగంలోనే వెనకబడేసరికి తినడం ఆగిపోయింది. కష్టపడి అందుకున్నారు, మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. 64-64. బంతి మన దగ్గరే ఉంది, కొన్ని సెకన్లే మిగిలాయి. తొందరపడి పోగొట్టుకున్నాం. వాళ్ల టీమ్‌లో మోర్గన్ విలియమ్ అని ఐదడుగుల ఐదంగుళాల అమ్మాయి. ఆ ఆటకి పొట్టే. ఆగి, ఎగిరి వేసింది. బజర్ మోగుతుండగా బంతి లోపల పడింది. కెమెరా జీనో మీదకి తిరిగితే ఆయన నవ్వుతున్నాడు, మంచి షాట్ వేసిందన్నట్టు. మా రూమ్‌మేట్ నెల్లూరు అమ్మాయి, అప్పటిదాకా క్రికెట్ తప్ప ఏదీ చూడనిది, వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు బస్సులో, క్యాంటీన్‌లో, ల్యాబ్‌లో అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. అమ్మాయిల టీమ్ ఓడిందని ఒక ఊరు ఊరంతా అలా అయిపోవడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

అది నన్ను అంతలా ఎందుకు కదిలించిందంటే, నేను స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడేదాన్ని. గుంటూరు దగ్గర నేను బీటెక్ చదివిన కాలేజీ బ్రోషర్‌లో బాస్కెట్‌బాల్ కోర్టు ఫొటో ఉండేది. కోర్టు ఉంది కూడా. అమ్మాయిల హాస్టల్ గేటు ఆరింటికి మూసేవారు, క్లాసులు, ల్యాబ్‌లు అయ్యేసరికి ఐదు దాటేది, అప్పటికే కోర్టు నిండా అబ్బాయిలు. అడిగితే "ఆదివారం ఆడుకోండమ్మా" అనేవారు. ఆదివారం నెట్ తీసేసి లోపల పెట్టేవారు. ఇప్పటికీ చాలా కాలేజీల్లో ఇదే తంతు, తల్లిదండ్రులు ఫీజు కట్టేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగరు.

అమెరికాలోనూ అన్నీ సవ్యంగా ఏమీ లేవు. 2021 జాతీయ కాలేజీ టోర్నమెంట్‌లో అబ్బాయిలకి పెద్ద జిమ్, అమ్మాయిలకి ఒక స్టాండు నిండా డంబెల్స్. ఒరెగాన్ ప్లేయర్ సెడోనా ప్రిన్స్ ఆ వీడియో పెట్టాకే కదలిక వచ్చింది. ఆ టోర్నమెంట్‌కి ఉన్న "మార్చ్ మ్యాడ్‌నెస్" అనే పేరు వాడుకునే హక్కు కూడా అమ్మాయిల టోర్నీకి 2022లో గానీ రాలేదు. 2024కి వచ్చేసరికి సౌత్ కరోలినా, అయోవా అమ్మాయిల ఫైనల్‌ని దాదాపు 1.89 కోట్ల మంది చూశారు. అదే ఏడాది మన అబ్బాయిలు పర్డ్యూ మీద టైటిల్ గెలిచిన ఫైనల్‌ని చూసింది 1.48 కోట్లు.

"డంక్‌లు ఉండవు, ఏం చూస్తాం" అనే మనవాళ్లు మీకు అక్కడ తప్పకుండా తగులుతారు. వాళ్ల మాట వినకండి. డంక్ అంటే ఎగిరి బంతిని చేత్తో నేరుగా బుట్టలో కొట్టడం, అది ఒక్క క్షణం. బంతి లేని నలుగురూ ఎటు కదులుతున్నారో, పాస్ ఎక్కడికి వెళ్తుందో అన్నదే అసలు ఆట. అమెరికాలో యూకాన్ అమ్మాయిల్లా ఇంత శుభ్రంగా పాస్‌లు ఇచ్చే టీమ్ ఇంకోటి లేదు, అబ్బాయిలతో కలిపి లెక్కేసినా సరే.

కొన్ని హోమ్ మ్యాచ్‌లు హార్ట్‌ఫర్డ్‌లో పెడతారు. అక్కడికి వెళ్లకండి, గ్యాంపెల్‌లో జరిగేదే ఎంచుకోండి. స్టూడెంట్ సెక్షన్‌లో నిలబడి చూడండి. ఎదుట టెనెసీ గానీ సౌత్ కరోలినా గానీ ఉంటే టికెట్ ముందే తీసిపెట్టుకోండి.