"మా దగ్గర రావడం లేదు" అని బగ్ మూసేస్తే?

ప్రశ్న: బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. మా సైట్‌లో పొడవాటి తెలుగు పేర్లు ఒక బ్రౌజర్‌లో మాత్రం బటన్ దాటి బయటికొచ్చేస్తున్నాయి. ఆ బ్రౌజర్ ఇంజిన్ (పేజీని తెరమీద గీసే భాగం) తయారుచేసేవాళ్లకు బగ్ రాసి, వీడియో, మా సైట్ లాగిన్ రెండూ ఇచ్చాను. "మా దగ్గర రావడం లేదు" అని మూసేశారు. నా లాప్‌టాప్‌లో రోజూ వస్తోంది సార్! ఇంకెలా నిరూపించాలి?
— ఓ పాఠకుడు, మారతహళ్ళి

జవాబు: వస్తోందంటే నేను నమ్ముతాను. వాళ్లూ నమ్మే ఉంటారు. కానీ వీడియోలో బగ్ కనిపిస్తుంది గానీ, దాని వెనక ఏ సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) ఉందో కనిపించదు. లాగిన్ సంగతంటారా, వచ్చే వారం మీ డెవలపర్లు ఆ పేజీ మార్చేస్తే అదీ పోయినట్టే. పైగా ఎవరో ఇచ్చిన పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి వేరేవాళ్ల జావాస్క్రిప్ట్‌ను తవ్వే ఓపిక ఎవరికుంటుంది?

కాబట్టి బగ్‌ని మాత్రమే చూపించే చిన్న టెస్ట్ పేజీ చేసి పంపాలి. మీ పేజీని సేవ్ చేసుకుని దాని కోడ్‌లో సగం తీసేయండి. బగ్ ఇంకా వస్తోందా? మిగిలినదాంట్లో మళ్లీ సగం. పోయిందా? తీసింది తిరిగి పెట్టి, రెండో సగం తీయండి. చివరికి ఒక డివ్ (పేజీలో ఒక డబ్బా), నాలుగు లైన్ల సీఎస్ఎస్, ఒక పేరు మిగలాలి. కోడ్‌లో అన్నిటికన్నా పైనుండే డాక్‌టైప్ లైను జోలికి మాత్రం వెళ్లకండి. అది లేకపోతే బ్రౌజర్ పాతకాలపు క్విర్క్స్ మోడ్‌లోకి పోయి వేరే లెక్కలు కడుతుంది.

మీ విషయంలో నా అనుమానమంతా ఫాంట్ మీదే. విండోస్‌లో తెలుగు నిర్మలా యూఐలోనో గౌతమిలోనో కనిపిస్తుంది. లైనక్స్‌లో ఏ ఫాంట్ ఉంటే అది. అదే పేరు ఫాంట్‌ని బట్టి వెడల్పు మారుతుంది. మీ దగ్గర బటన్ దాటిన పేరు వాళ్ల మెషిన్‌లో హాయిగా ఇమిడిపోయి ఉండొచ్చు. ఫాంట్ ఫైలు కూడా టెస్ట్ పక్కనే పెట్టి, సీఎస్ఎస్‌లోని ఫాంట్‌ఫేస్ రూల్‌తో లోడ్ చేయండి. నోటో అనే ఫాంట్ ఉచితమే, లైసెన్స్ గొడవ లేదు. ఇంకా మంచి దారి అహెమ్. ఇది టెస్టుల కోసమే చేసిన ఫాంట్. ఇందులో ఎక్స్ అక్షరం ఒక నిండు చదరం. 20 పిక్సెల్స్ సైజులో ఐదు ఎక్స్‌లు కొడితే ఎక్కడైనా 100 పిక్సెల్సే. అహెమ్‌తోనూ బగ్ వస్తే, తెలుగుకి దాంతో సంబంధం లేదని తేలిపోయినట్టే.

లిపితోనే సంబంధం ఉంటే 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోండి. 'జ్ఞా' కనపడితే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అవుతున్నాయని గోల. (అది బ్రౌజర్ ఇంజిన్‌ది కాదు, అక్షరాలు గీసే సిస్టమ్‌ది.) మామూలుగా టైప్ చేసిన జ్ఞాతో ఏమీ అయ్యేది కాదు. క్రాష్ చేసినదాంట్లో ఞకీ దీర్ఘానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని అక్షరం ఉంది. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. అందుకే మీ టెస్ట్‌లో పేరును యూనికోడ్ నంబర్లతోనే (ఒక్కో అక్షరానికి కంప్యూటర్‌లో ఉండే సంఖ్య) రాయండి. కాపీ పేస్టులో ఏది రాలిపోతుందో ఎవరికి తెలుసు?

పాసో ఫెయిలో పేజీ చూడగానే తెలియాలి. ఇంజిన్ల వాళ్లంతా కలిసి వాడే వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్‌లో 'ఆకుపచ్చ చదరం కనిపించి, ఎరుపు కనిపించకపోతే పాస్' అని పేజీ మీదే ఉంటుంది. అక్కడే రెఫ్‌టెస్ట్ పద్ధతీ ఉంది: అదే బొమ్మను వేరే సులువైన దారిలో గీసే రెండో పేజీ రాస్తారు, రెండూ ఒకేలా వస్తే పాస్. రెండూ ఒకే మెషిన్‌లో గీస్తారు కాబట్టి, ఎప్పుడో తీసి దాచిన స్క్రీన్‌షాట్‌తో పోల్చినప్పుడు మెషిన్‌ని బట్టి తేడాలొచ్చే బెడద ఇందులో ఉండదు.

బ్రౌజర్ వెర్షన్ నంబర్ మొత్తం, విండోస్ స్కేలింగ్ (తెరమీద అన్నిటినీ పెద్దగా చూపే సెట్టింగ్) 125 శాతమా 150 శాతమా, ఇవీ రాయండి. ఎక్స్‌టెన్షన్లు లేని కొత్త ప్రొఫైల్‌లో ఒకసారి చూడండి. తర్వాత ఆ ఫైళ్లను మీ ఆఫీసులో మ్యాక్ వాడే డిజైనర్‌కి (బెంగళూరులో అలాంటివాళ్లు లేని ఆఫీసుందా?) ఇచ్చి, ఏమీ చెప్పకుండా తెరవమనండి. "ఇప్పుడేం నొక్కాలి?" అని అడిగితే ఇంకా పంపొద్దు. అడగకపోతే, కొత్త బగ్ రాయకుండా ఆ మూసేసినదాన్నే తెరవమని అడిగి, దానికే జతచేయండి.