సర్క్యూట్ పడితే సిప్ ఆపాలా?

ప్రశ్న: సంక్షోభం వచ్చి మార్కెట్ 10 శాతం పడితే ట్రేడింగ్ ఆపేస్తారట. అప్పుడు షేర్లు అమ్ముకోవడం ఎలా? నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత మొత్తం పెట్టే సిప్ కూడా ఆపేయాలా?

జవాబు: మధ్యాహ్నం ఒంటిగంటలోపు సూచీ 10 శాతం పడితే ట్రేడింగ్ 45 నిమిషాలు ఆపుతారు, సర్క్యూట్ పడటమంటే ఇదే. 2020 మార్చి 23న, కరోనా భయంతో, ఇదే జరిగింది. విరామం తర్వాతా అమ్మకాలు తగ్గలేదు. సెన్సెక్స్ 3,935 పాయింట్లు, అంటే 13 శాతం నష్టపోయి ముగిసింది. అలాంటప్పుడు మార్కెట్ ఆర్డర్ (ఏ ధర దొరికితే ఆ ధరకే అమ్మమనే ఆర్డర్) పెట్టకండి. కొనేవాళ్లు పలచబడతారు కాబట్టి మీ షేరు తెర మీద కనిపించిన ధర కన్నా బాగా తక్కువకి అమ్ముడుపోతుంది. ఇంతకన్నా తక్కువకి అమ్మొద్దని ధర చెప్పే లిమిట్ ఆర్డరే మేలు, కాకపోతే ధర ఒక్కసారిగా లిమిట్ దాటి జారిపోతే అది అమలవదు.

సిప్ మాత్రం నడవనివ్వండి. ఆ రోజు 7,610 దగ్గర ముగిసిన నిఫ్టీ నవంబరులో 12,000 దాటింది. ప్రతిసారీ ఇంత త్వరగా కోలుకుంటుందని కాదు. ఏడాదిలోపు పిల్లల ఫీజుకో, పెళ్లికో కావాల్సిన డబ్బైతే ఇప్పుడే లిక్విడ్ ఫండ్‌లోకి (షేర్లలో కాకుండా స్వల్పకాలిక రుణ పత్రాల్లో పెట్టే ఫండ్) మార్చేయండి.