ఎలివేషన్ చూసి కాలేజీని అంచనా వేయొచ్చా?

మీ చెల్లి కౌన్సెలింగ్ కోసం మీరు రెండు కాలేజీల ఫొటోలు పెట్టి, "బిల్డింగ్‌ని బట్టి కాలేజీ ఎలాంటిదో చెప్పగలమా?" అని అడిగారు. చెప్పొచ్చండి. కాకపోతే ముందువైపు ఒక్కటే చూసి కాదు. నేను చదివింది విజయనగరం జిల్లాలో, ఇప్పుడు విశాఖలో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర డ్రాయింగులు గీస్తున్నాను. ఆ బిల్డింగుల్లో కూర్చున్నాను, అలాంటివే గీస్తున్నాను కూడా.

మా ఆఫీసుకి కాలేజీ వాళ్లు వస్తే మొదటి మాట "ఎలివేషన్ అదిరిపోవాలి". అంటే బిల్డింగ్ ముందువైపు రూపం. హీరో ఎంట్రీకీ బిల్డింగ్ ముఖానికీ మనం ఒకే మాట వాడుతున్నామంటే ఊరికే కాదు. ప్లాన్ గురించి, అంటే లోపల గదుల అమరిక గురించి అడిగేవాళ్లు తక్కువ. క్లాసులోకి గాలి ఎటునుంచి వస్తుంది, మూడో అంతస్తులో ఆడపిల్లలకి టాయిలెట్ ఉందా లాంటివి బ్రోచర్‌కి ఎక్కవు కదా.

2012లో ఇంజినీరింగ్‌లో చేరడానికి మా నాన్నతో వెళ్లాను. నీలం అద్దాలు, పక్కన ఏసీపీ షీట్లు (గోడకి పైతొడుగుగా బిగించే అల్యూమినియం పలకలు), ముందు నాలుగు లావుపాటి రోమన్ స్తంభాలు. నాన్న తలెత్తి చూసి "ఏట్రా ఇది, కాలేజీయా, కల్యాణ మండపమా?" అన్నారు. అన్నారే గానీ, ముఖంలో గర్వం దాగలేదు. ఆ అద్దాలు ఎవరి కోసమో ఆ రోజే అర్థం కావాల్సింది. క్లాసులు మొదలయ్యాక తెలిసింది, ఆ గుమ్మంలోంచి మేం వెళ్లకూడదని. అది తల్లిదండ్రులకీ ఇన్‌స్పెక్షన్ వాళ్లకీ. మాకు పక్కన షట్టరు గేటు, ఇరుకు మెట్లు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆదివారం కావడంతో లోపల ఎవరూ లేరు, బతికిపోయాం. కొన్నాళ్లకి వెళ్లి చూస్తే అద్దాలు సగం రాలిపోయాయి, ఏసీపీ షీట్లు పక్క పొలంలో పడి ఉన్నాయి. వాటి వెనక ప్లాస్టరింగ్ కూడా లేని ఇటుక గోడ, అందులో చిన్న చిన్న కిటికీలు! రెండేళ్లుగా రోజూ ఫ్యాను కింద చెమటలు కక్కుతూ కూర్చున్నాం, ఆ కిటికీలకి అవతల అద్దం అడ్డం ఉందని ఎవరికీ తట్టలేదు. ఊళ్లో ఇంకా కరెంటు లేదు. కానీ అద్దం పోయిన గదుల్లోకి మొదటిసారి గాలొచ్చింది. మా సార్ ఒకాయన నవ్వి "తుఫాను మనకి వెంటిలేషన్ ఇచ్చి పోయింది" అన్నారు. ఆ తర్వాత మొదట బాగుచేసింది ఏమిటనుకుంటున్నారు? వచ్చే అడ్మిషన్ల లోపు ముందువైపు అద్దాలు. హాస్టల్ మోటారు వంతు తర్వాతెప్పుడో వచ్చింది.

పాతవన్నీ మేలని అనను. పెచ్చులూడే స్లాబు కింద ఇంటర్ చదివినవాణ్ణి నేను. కానీ మా అత్త విజయనగరం కోటలో డిగ్రీ చదివింది. ఆ కోట 1713లో మొదలైంది. శత్రువుని బయట ఆపడానికి కట్టిన గోడ, బురుజులు, కందకం. ఇప్పుడు ఆ పెద్ద గుమ్మంలోంచి పల్లెల అమ్మాయిలు టిఫిన్ డబ్బాలతో లోపలికి వెళ్తారు. విజయనగరం రాజకుటుంబీకుడు, సోషలిస్టుగా పేరున్న పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ అనే విద్యా ట్రస్టు పెట్టి కోటని చదువుల కోసం ఇచ్చేశారు. అత్త ఇప్పటికీ "మేం కోటలో చదివాం" అంటుంది, కాలేజీ పేరు తర్వాత చెప్తుంది. మా బ్యాచ్‌లో ఒక్కడూ "మేం అద్దాల బిల్డింగులో చదివాం" అనగా వినలేదు.

అలాగని రాజుల గోడలుంటేనే పేరొస్తుందనుకోకండి. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాల మాటొస్తే మనకి గుర్తొచ్చేది మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, మధుకరం (ఇంటింటా అడిగి తెచ్చుకునే అన్నం) ఎత్తుకుని చదువుకున్న ఘంటసాల. గుమ్మం ఎలా ఉంటుందో ఎవరూ అడగరు.

ఈ మధ్య మా ఆఫీసులో ఎక్కువ వాదన జరిగింది కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం గురించి. 2019లో విజయనగరం దగ్గర కొండకరకాంలో, ఆంధ్రా యూనివర్సిటీ పాత ప్రాంగణంలో తరగతులు మొదలుపెట్టారు. అలాంటి యూనివర్సిటీకి సొంత క్యాంపస్ కడితే దాని ముందువైపు ఎలా ఉండాలి? ముందు గోడ మీద విల్లు, బాణం, డప్పు బొమ్మలు అంటించడం సులువు. సవర గిరిజనుల గూడేల్లో ఇళ్లు వరుసగా కలిసి ఉంటాయి, ముందు అరుగు ఉంటుంది, సాయంత్రం జనం అక్కడే కూర్చుంటారు. ఆ అరుగుని ప్లాన్‌లోకి తేవాలంటే కష్టపడాలి. నేను అరుగు పక్షం. మా సీనియర్ మాత్రం "ఫొటోలో పడదు" అంటాడు.

ఇక మీ పని. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి చెప్పకుండా వెళ్లండి. మెయిన్ బ్లాక్ చుట్టూ తిరిగి వెనక గోడ చూడండి. పైఅంతస్తు టాయిలెట్ చూడండి. పిల్లలు ఏ గేటులోంచి వస్తున్నారో, ఖాళీ గంటలో ఎక్కడ కూర్చుంటున్నారో గమనించండి. లాన్‌లో "గడ్డిపై నడవరాదు" బోర్డు ఉండి, పిల్లలంతా గేటు బయట టీ బడ్డీ దగ్గరుంటే విషయం తెలిసిపోయినట్టే.

మీరు పెట్టిన రెండో ఫొటోలో, ఎడమ పక్క వరండాలో ఎండ తగలకుండా సైకిళ్లు పెట్టి ఉన్నాయి. చెల్లిని ముందు అక్కడికి తీసుకెళ్లండి.