రూల్స్ తర్వాత, ముందు కథ

ప్రశ్న: మా అక్కావాళ్లు అమెరికాలో ఉంటారు, ఫోన్ చేస్తే బేస్‌బాల్ కబుర్లే. నాకు క్రికెట్ తప్ప ఏదీ ఎక్కదు, రూల్స్ చదివితే నిద్రొస్తోంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: రూల్స్ పక్కన పెట్టి మనుషుల గురించి చదవండి. నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లే సొంత జట్లు కట్టుకున్నారు, 1920లో రూబ్ ఫోస్టర్ చొరవతో నీగ్రో నేషనల్ లీగ్ పుట్టింది. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు పెద్ద లీగు జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగి ఆ అడ్డుగోడను బద్దలుకొట్టాడు. ఇప్పుడు ఏటా ఆ రోజున అన్ని జట్లలో ప్రతి ఆటగాడూ ఆయన 42 నంబరు జెర్సీయే వేసుకుంటాడు. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం జాష్ గిబ్సన్. పెద్ద లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాకుండా, రాబిన్సన్ రాకకు మూడు నెలల ముందే చనిపోయాడు. 2024లో నీగ్రో లీగుల లెక్కలు అధికారిక రికార్డుల్లో కలిపాక కెరీర్ బ్యాటింగ్ సగటులో, అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్‌నే దాటేశాడు. జపాన్‌లో కోషియెన్ స్కూలు టోర్నీ కూడా చూడండి, ఓడిన పిల్లలు మైదానం మట్టిని సంచుల్లో నింపుకుని తీసుకెళ్తారు. ఆ తర్వాత మీ అక్కావాళ్ల జట్టునే పట్టుకోండి. అక్కడి రాత్రి మ్యాచ్‌లు మనకు తెల్లవారుజామున వస్తాయి, అర్థంకానిది ఫోన్‌లో అక్కనే అడగొచ్చు.