అమ్మలూ, మంగళవారం కాకినాడ వెళ్దాం

అమ్మలూ,

రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలిందన్నావు. నెలన్నరగా నీలో నువ్వే దాచుకున్నానన్నావు. ఆ నెలన్నర గురించి నిన్ను ఒక్క మాట అనను. నేను నా గడ్డని నాలుగు నెలలు దాచాను. నూనె రాస్తే కరుగుతుందని ఒకరు, పసరు కట్టు వేయమని మరొకరు చెబితే అవన్నీ చేశాకే ఆస్పత్రి గడప తొక్కాను. నువ్వు మంగళవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నావు, చాలా మంచి పని చేశావు. అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. నాకు అప్పట్లో చెప్పేవాళ్లు లేరు, అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. నీటి తిత్తులు ఉంటాయి, వేలితో నొక్కితే పక్కకి జారిపోయే మామూలు కంతులు ఉంటాయి. ఇది నిన్ను ఊరడించడానికి అంటున్న మాట కాదు, నిజం. కానీ నొప్పి లేదు కాబట్టి భయం లేదని మీ అత్తగారు అన్నారట, అది మాత్రం పట్టించుకోకు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నాదీ పెట్టలేదు.

మంగళవారం ఉపవాసం అక్కర్లేదు, ఇడ్లీ తినే బయల్దేరు. చీర కట్టుకో, లేదా పైది విడిగా తీసే చుడీదార్ వేసుకో. ఒకే ముక్కగా ఉండే గౌను వద్దు. చంకల్లో, ఛాతీ మీద పౌడరు, సెంటు, క్రీము ఏవీ రాసుకోకు. మామోగ్రామ్ అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే. ఆ ఫిల్ములో పౌడరు రేణువులు తెల్లటి చుక్కల్లా పడి, క్యాన్సర్‌లో ఒక్కోసారి కనిపించే సున్నం చుక్కలేమోనని అనుమానం తెప్పిస్తాయి. నెలసరి అయిన మొదటి వారంలో ఆ పరీక్ష చేయించుకుంటే నొప్పి తక్కువ అంటారు. కానీ గడ్డ చేతికి తగులుతుంటే తేదీల కోసం ఆగకూడదు.

డాక్టరు గారు ముందు ప్రశ్నలు అడుగుతారు. ఏ వయసులో పెద్దమనిషివి అయ్యావు, మొదటి కాన్పు ఎప్పుడు, పాలు ఎన్నాళ్లు ఇచ్చావు, హార్మోన్ మాత్రలు ఏమైనా వాడావా అని. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చాయా అని కూడా అడుగుతారు. ఇక్కడ మనవాళ్లు అమ్మ వైపు వాళ్లనే లెక్కపెడతారు. నాన్న వైపూ చెప్పాలి, ఆ వైపు నుంచి కూడా వస్తుంది. మీ మేనత్తల సంగతి మీ నాన్నని ఈ రెండు రోజుల్లో అడిగి రాసుకో. నాకు వచ్చిందని కూడా చెప్పు. మొహమాటపడకు, నేను మీ అమ్మకి తోడబుట్టినదాన్ని.

తర్వాత పరీక్ష. జాకెట్టు తీసి కూర్చోమంటారు. చేతులు పైకెత్తమని, నడుం మీద పెట్టమని అడిగి చూస్తారు. చర్మం సొట్ట పడిందా, చనుమొన లోపలికి లాగేసిందా అని గమనిస్తారు. పడుకోబెట్టి రెండు వైపులా తడిమి చూస్తారు, చంకలూ మెడ కింది ఎముక పైన కూడా. మగ డాక్టరు అయితే గదిలో నర్సు ఉండాలి. లేకపోతే "నర్సుని పిలవండి సార్" అని నువ్వే అను. సిగ్గుతో నేను "ఇక్కడ" అని సరిగ్గా వేలు పెట్టి చూపించలేదు. నువ్వు చూపించు.

నీకు 42 ఏళ్లు కాబట్టి మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ రాయవచ్చు. చిన్న వయసువాళ్లకి అల్ట్రాసౌండే ముందు చేస్తారు. మామోగ్రామ్‌లో రొమ్ముని రెండు పలకల మధ్య పెట్టి గట్టిగా నొక్కుతారు. అవును, నొప్పిగా ఉంటుంది. కానీ ఒక్కో ఫిల్ముకి కొన్ని సెకన్లే. మామూలుగా ఒక్కో వైపు రెండేసి, మొత్తం నాలుగు. మెడలో గొలుసులు తీయమంటారు. పుస్తెలతాడు తీయడానికి నాకు మనసు ఒప్పలేదు. ఆ మాట టెక్నీషియన్ అమ్మాయికి చెబితే వీపు మీదికి వేయించింది.

రిపోర్టులో బైరాడ్స్ అని, అనుమానం ఎంత ఉందో చెప్పే ఒక అంకె ఉంటుంది. 0 అని ఉంటే ఏమీ లేదని కాదు, ఇంకో ఫిల్మో స్కానో కావాలని. 3 అంటే చాలావరకు మామూలుదే, ఆరు నెలలకి మళ్లీ చూద్దామని. 4 గానీ 5 గానీ ఉంటే ముక్క పరీక్ష చేయాలి, అంటే గడ్డలోంచి సూదితో సన్నటి ముక్క తీసి ల్యాబులో చూడటం (బయాప్సీ అంటారు). డాక్టరు గారిని కలవకుండా ఆ అంకె పట్టుకుని ఫోన్‌లో వెతుకుతూ కూర్చోకు.

ఇప్పుడు అసలు విషయం. ఎనిమిదేళ్ల కిందట నేను మొదట చూపించుకున్న చోట స్కానింగ్ చూసి "చిన్న గడ్డే, తీసేద్దాం" అన్నారు. నాకూ అదే సుఖంగా అనిపించింది. మర్నాడే కోసి తీసేశారు. ముక్క పరీక్ష ముందు చేయలేదు. పది రోజులకి ల్యాబు నుంచి క్యాన్సర్ అని వచ్చింది. క్యాన్సర్ అని తెలియకుండా కోశారు కాబట్టి చుట్టూ ఎంత తీయాలో అంత తీయలేదు, చంకలో గ్రంథుల జోలికి పోలేదు. వేరే చోట రెండో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ముందే తెలిస్తే ఒక్కసారిలో అయ్యేది. కొందరికి ముందు మందులిచ్చి గడ్డని చిన్నది చేసి, తర్వాత ఆపరేషన్ చేస్తారట. ఆ దారి నాకు ఉందో లేదో చూసే వీలే లేకుండా పోయింది. అందుకే చెబుతున్నాను, ఎవరైనా గడ్డ తీసేద్దామంటే "ముందు ముక్క పరీక్ష చేస్తారా అండీ" అని అడుగు. కత్తి కంటే ముందు సూది పడాలి.

ఆ సూది గురించి మన ఊళ్లో ఒక భయం ఉంది, గుచ్చితే పాకిపోతుందని. అది తప్పు. ఆ భయంతో పరీక్ష మానేసి, గడ్డ బాగా పెరిగాక వచ్చినవాళ్లని రేడియేషన్ గది ముందు బెంచీ మీద నా పక్కనే చూశాను. ముక్క తీసే ముందు ఆ చోట మత్తు ఇంజక్షన్ ఇచ్చినప్పుడు కాస్త మంట. తర్వాత మిషన్ టక్‌మని శబ్దం చేస్తుంది, నొప్పి కంటే ఆ శబ్దానికే ఉలిక్కిపడతాం. ముందుగా ఒకసారి వినిపించమని అడుగు. ఇలా నాలుగైదు సన్నటి ముక్కలు తీసి కాసేపు గట్టిగా అదిమి పట్టుకుంటారు. కొన్నాళ్లు నీలంగా కమిలి ఉంటుంది. ఆ రోజూ మర్నాడూ నీళ్ల బిందెలు ఎత్తకు. రక్తం పలచబడే మాత్రలు ఏవైనా వేసుకుంటుంటే ముందే చెప్పు, నీ అంతట నువ్వు ఆపకు. ముక్క తీయడం ఆ రోజే అవ్వచ్చు, ఇంకో రోజు రమ్మనచ్చు. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులే కష్టం. ఒంటరిగా ఉండకు, పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చెయ్.

చెరువు పట్టుబడి ఉందని అల్లుడు మంగళవారం రాలేనన్నాడట. పర్వాలేదు, నేను వస్తాను. కానీ ఫలితం చెప్పే రోజు తను పక్కన ఉండి తీరాలి. ఆ రోజు డాక్టరు గారు చెప్పింది నీ ఒక్కదాని చెవికి సగమే ఎక్కుతుంది. తనకి నేనే ఫోన్ చేస్తాను.

ఆధార్, రేషన్ కార్డు, పాత స్కాన్ ఫిల్ములు ఏవైనా ఉంటే అవీ ఒక కవర్లో పెట్టు. వైద్యం అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) కౌంటర్ దగ్గర ఆ కార్డులు అడుగుతారు. నువ్వు రాజోలులో తెల్లవారుజామున బస్సు ఎక్కు. అమలాపురం బస్టాండులో నేను ఎక్కుతాను, కుడి వైపు సీటు నాకు ఆపు. డాక్టరు గారి ప్రశ్నలకి నువ్వు రాసుకున్న కాగితం యానాం వంతెన దాటేలోపు మనిద్దరం ఒకసారి చదువుకుందాం.

మీ పెద్దమ్మ