స్కాన్ నార్మల్ అన్నారు.. అయినా తలనొప్పి, కళ్లు తిరగడం ఎందుకు?

ప్రశ్న: నా వయసు 36. రోజూ సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్లొస్తాను. అయిదు వారాల కిందట పక్కనే వస్తున్న కారు ఇండికేటర్ వేయకుండా ఒక్కసారిగా మలుపు తిరిగి నన్ను గుద్దేసింది. బానెట్ మీద పడి, అక్కడి నుంచి రోడ్డు మీదకు దొర్లానని చూసినవాళ్లు చెప్పారు. గుద్దడానికి కాస్త ముందు నుంచి అంబులెన్సు ఎక్కించేదాకా నాకేమీ గుర్తు లేదు. హెల్మెట్ పగిలిపోయింది. ఆసుపత్రిలో తలకు సీటీ స్కాన్, కుడి మణికట్టుకు, ఛాతీకి ఎక్స్‌రేలు తీశారు. అన్నీ నార్మల్ అని మర్నాడు ఇంటికి పంపించారు. కానీ ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోతోంది. పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే గదంతా గిర్రున తిరుగుతుంది. ల్యాప్‌టాప్ ముందు అరగంట కూర్చోలేను, చదివింది గుర్తుండదు. మణికట్టు నొప్పి తగ్గలేదు, సీసా మూత కూడా తిప్పలేకపోతున్నాను. దాదాపు రోజూ నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. కారు హారన్ వినిపిస్తే గుండె దడదడలాడుతుంది. రాత్రి కలలోనూ అదే. రిపోర్టులన్నీ బాగున్నప్పుడు ఇదంతా భ్రమేనని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నిజంగా భ్రమేనా? మళ్లీ సైకిల్ ఎక్కగలనా?
– ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: మీది భ్రమ కాదు. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి. ప్రమాదం జరిగిన రోజు తలకు సీటీ స్కాన్ తీసేది ముఖ్యంగా పుర్రె విరిగిందా, లోపల రక్తం చేరిందా, అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వస్తుందా అని చూడటానికి. వాటికి మీ స్కాన్ ‘లేదు’ అని చెప్పింది. అది నిజంగా మంచి వార్తే. మెదడు పనితీరు దెబ్బతిన్నదా, లోపలి చెవి కదిలిపోయిందా, మెడ కండరాలు బిగుసుకుపోయాయా అన్నది ఆ స్కాన్‌లో కనిపించదు. మీరు రాసిన లక్షణాల్లో చాలావరకు అక్కడి నుంచే వస్తున్నాయి.

అయితే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కంగారు పెట్టింది తల కాదు, మణికట్టు. ముందు దాని సంగతి చూద్దాం.

సైకిల్ మీద నుంచి పడేటప్పుడు ఎవరైనా అసంకల్పితంగా చెయ్యి చాపుతారు. బరువంతా అరచేతి మీద పడుతుంది. ఆ దెబ్బకు మణికట్టులోని చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది బొటనవేలి వైపు ఉండే స్కాఫాయిడ్ అనే ఎముక. ఇందులో చిక్కేమిటంటే, విరిగిన తొలిరోజుల్లో ఆ పగులు సన్నగా ఉండి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. అందుకే అనుమానం ఉంటే ఎక్స్‌రే నార్మల్‌గా ఉన్నా ముందు కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. లేదా నేరుగా ఎంఆర్ఐ చేయిస్తారు. మీకు ఆ రెండోసారి పరీక్ష జరిగినట్టు లేదు.

ఇంట్లోనే ఒకటి చూసుకోండి. కుడి బొటనవేలిని బాగా వెనక్కి చాచండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు తాళ్లలా పైకి లేచిన స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. ఎడమ చేతి వేలితో ఆ గుంటలో మెల్లగా నొక్కండి. రెండో చేతికీ అలాగే నొక్కి పోల్చుకోండి. కుడివైపు మాత్రమే చురుక్కుమంటే స్కాఫాయిడ్ మీద అనుమానం గట్టిపడినట్టే. నొప్పి లేకపోయినా మీరు డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిందే. అయిదు వారాల తర్వాత కూడా సీసా మూత తిప్పలేకపోతున్నారంటే ఎముకో, స్నాయువో ఏదో ఒకటి దెబ్బతిని ఉండాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి లోపలికి ప్రవేశించి, వెనక్కి ముంజేతి వైపు వెళ్తుంది. నడుమ విరిగితే వెనక ముక్కకు రక్తం సరిగా అందకపోవచ్చు. అది అతుక్కోకుండా ఉండిపోవచ్చు, ఒక్కోసారి ఆ ముక్క జీవం కోల్పోతుంది కూడా. కొన్నేళ్లకు మణికట్టు అరిగిపోయి శాశ్వతంగా నొప్పి మిగులుతుంది. వేళకు గుర్తిస్తే మాత్రం కొన్ని వారాల కట్టుతోనో, చిన్న స్క్రూతోనో చాలామందికి నయమవుతుంది. ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. అప్పటిదాకా ఆ చేత్తో బరువులు ఎత్తకండి.

ఇక తల విషయం. ప్రమాదం ముందూ వెనకా కొంతసేపు గుర్తు లేకపోవడం, తర్వాత తలనొప్పి, మతిమరుపు, స్క్రీన్ చూడలేకపోవడం.. ఇవన్నీ కలిపి చూస్తే మీకు కంకషన్ అయింది. అంటే తలకు తగిలిన కుదుపుకి మెదడు కణాల పనితీరు కొంతకాలం గాడి తప్పడం. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకుంటారు చాలామంది. అది అపోహ. ఎక్కువ మంది స్పృహ తప్పరు. ఇంకో అపోహ హెల్మెట్ గురించి. హెల్మెట్ పుర్రె పగలకుండా, లోపల పెద్ద రక్తస్రావం కాకుండా చాలావరకు కాపాడుతుంది. కానీ వేగంగా కదులుతున్న తల ఒక్కసారిగా ఆగినప్పుడు లోపల మెదడు ఊగిపోవడాన్ని పూర్తిగా ఆపలేదు. మీ హెల్మెట్ పగిలిందంటే ఆ దెబ్బలో కొంత భాగాన్ని అది తీసుకుని ఉండొచ్చు. దాన్ని దాచుకోవడం వరకు సరే, మళ్లీ పెట్టుకోకండి. లోపలి నురగ ఒకసారి నలిగాక రెండో దెబ్బకు పనికిరాదు. పైకి పగులు కనిపించకపోయినా ఇదే మాట వర్తిస్తుంది.

కంకషన్ అయిన పెద్దవాళ్లలో ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి మూడు నెలలు, అంతకన్నా ఎక్కువ కూడా పడుతుంది. మీకు అయిదో వారంలోనూ ఉండటం అసాధారణమేమీ కాదు. కానీ దాన్ని అలా వదిలేయకూడదు, ఎందుకంటే మీ లక్షణాల్లో కొన్నింటికి విడిగా, తేలికైన చికిత్స ఉంది.

పక్క మీద తిరగ్గానే గది గిర్రున తిరుగుతోందన్నారు కదా. అలా తిరగడం కొన్ని సెకన్లు, మహా అయితే ఒక నిమిషం ఉండి ఆగిపోతుంటే అది మెదడు సమస్య కాకపోవచ్చు. లోపలి చెవిలో మన శరీరం నిలకడను పసిగట్టే చోట కాల్షియం స్ఫటికాలు ఉంటాయి. తలకు గట్టి దెబ్బ తగిలితే అవి ఊడి పక్కనున్న ద్రవం నిండిన గొట్టాల్లోకి జారతాయి. మీరు తల తిప్పినప్పుడల్లా అవి అందులో కదిలి, మీరు గిర్రున తిరుగుతున్నారని మెదడుకు తప్పుడు కబురు పంపుతాయి. ఈఎన్‌టీ డాక్టరో, న్యూరాలజిస్టో మిమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లు చూస్తారు. కనుగుడ్లు ఒక తీరుగా అదిరితే రోగం అదేనని తేలుతుంది. వెంటనే అదే మంచం మీద ఎప్లీ పద్ధతిలో తలను వరసగా కొన్ని భంగిమల్లో తిప్పి ఆ స్ఫటికాలను వాటి చోటికి చేరుస్తారు. చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గిపోతుంది. దీనికి నెలల తరబడి తలతిరుగుడు మాత్రలు మింగుతున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. అవి స్ఫటికాలను కదిలించలేవు, పైగా మగత తెస్తాయి. మీకు మెడ గాయం కూడా ఉండి ఉండొచ్చు కాబట్టి వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించకండి. మెడ పరీక్షించాక డాక్టరే చేయాలి.

సాయంత్రానికి పెరిగే తలనొప్పిలో మెడ పాత్ర ఎంతో చూడాలి. కారు గుద్దినప్పుడు తలతో పాటు మెడ కూడా విసురుగా కదిలి ఉంటుంది. నొప్పి మెడ వెనక మొదలై నెత్తి మీదుగా కంటి వెనక్కి వస్తోందా, మెడ ఒకవైపు తిప్పితే పెరుగుతోందా గమనించండి. అలాగైతే ఫిజియోథెరపీ బాగా పనిచేస్తుంది. రోజూ వేసుకుంటున్న మాత్ర గురించి కూడా చెప్పాలి. మామూలు నొప్పి మాత్రలైనా నెలలో 15 రోజులు, అంతకు మించి వాడుతూ కొన్ని నెలలు గడిస్తే ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయి. మీరు ఆ దారిలోనే ఉన్నారు. వారానికి రెండు మూడు రోజులకు తగ్గించుకోండి. అలా కుదరకపోతే డాక్టర్‌ని అడిగి తలనొప్పి రాకుండా ఆపే వేరే మందు తీసుకోండి.

‘పూర్తి విశ్రాంతి’ అని చీకటి గదిలో పడుకోబెట్టే కాలం పోయింది. మొదటి ఒకటి రెండు రోజులు తగ్గి ఉంటే చాలు. ఆ తర్వాత మెదడు కోలుకోవడానికి కదలిక కావాలి. రోజూ నడవండి. నడక ముందు మీ తలనొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకోండి. నడిచాక రెండు మార్కుల లోపే పెరిగి, గంటలోపు మళ్లీ తగ్గిపోతే ఆ మోతాదు మీకు సరిపోయినట్టే. మర్నాడు ఇంకాస్త పెంచండి. అంతకు మించి పెరిగితే వేగమో, సమయమో తగ్గించండి, మానేయకండి. ల్యాప్‌టాప్‌కీ ఇదే లెక్క. అరగంటకు తల పట్టేస్తోందంటే ఇరవై నిమిషాలకే లేవండి, పది నిమిషాలు దూరం చూడండి, మళ్లీ కూర్చోండి. ఆఫీసుకు కొన్నాళ్లు సగం పూట వెళ్లేలా మెడికల్ లెటర్ ఇమ్మని మీ డాక్టర్‌ని అడగండి. నిద్ర వేళ తప్పనివ్వకండి. పూర్తిగా తగ్గేవరకు మద్యం జోలికి వెళ్లొద్దు.

ఒక జాగ్రత్త మాత్రం మీరూ, మీ ఇంట్లోవాళ్లూ గుర్తుంచుకోవాలి. తొలి స్కాన్ నార్మల్‌గా ఉన్నా కొద్దిమందికి మెదడు పైపొర కింద రక్తం నెమ్మదిగా చేరి, వారాల తర్వాత బయటపడుతుంది. పెద్ద వయసువాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మీ వయసులో తక్కువే. అయినా తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, మాట తడబడినా, ఒక చెయ్యో కాలో బలహీనపడినా, మూర్ఛ వచ్చినా, లేపితే లేవనంత మగతగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి, మళ్లీ స్కాన్ తీయాలి. ఇప్పుడిప్పుడే ఇలా దెబ్బ తగిలినవాళ్లు ఇది చదువుతుంటే, హ్యాండిల్ కడుపులో గుచ్చుకుందేమో గుర్తు చేసుకోండి. కడుపులో, ముఖ్యంగా ఎడమ పక్కటెముకల కింద నొప్పి పెరగడం, ఎడమ భుజం లాగడం, కళ్లు బైర్లు కమ్మడం, మూత్రంలో రక్తం వంటివి ఉంటే అదీ అత్యవసరమే.

హారన్‌కు గుండె దడ, రాత్రి అదే కల. దీని గురించి ఎవరైనా పిరికితనం అంటే నమ్మకండి. ప్రాణం పోయేంత పని అయినప్పుడు మెదడు దాన్ని హెచ్చరికగా దాచుకుంటుంది, కారు చప్పుడు వింటే చాలు ఒంటిని పరుగుకు సిద్ధం చేస్తుంది. తొలి నెలలో ఇది చాలామందికి ఉండి తనంతట తనే తగ్గుతుంది. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఆ దారికి వెళ్లకుండా తప్పించుకోవడం కొనసాగితే పీటీఎస్‌డీ (భయంకర అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక గాయం) ఉందేమో పరీక్షించాలి. మీకు నెల దాటింది. గాయం తాలూకు జ్ఞాపకాల మీదే దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్ని, ప్రవర్తనని మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) దీనికి బాగా పనిచేస్తాయి. సైకాలజిస్టును గానీ, సైకియాట్రిస్టును గానీ కలిసి ఇవి అడగండి. ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు వాడకండి, అవి ఈ భయాన్ని తగ్గించవు. నిద్ర చెడితే తలనొప్పి పెరుగుతుంది, తలనొప్పికి భయం తోడవుతుంది. అందుకే ఈ చికిత్సను ‘తల తగ్గాక చూద్దాంలే’ అని వాయిదా వేయొద్దు.

గుద్దిన క్షణం ఎందుకు గుర్తు రావట్లేదని తవ్వుకోవద్దు. ఆ కాసేపు మెదడు జ్ఞాపకాన్ని రాసుకోనే లేదు. తిరిగి రాకపోయినా మీ కోలుకోవడానికి దానితో సంబంధం లేదు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే ఫిల్ములతో పాటు వారం రోజుల లక్షణాలు తేదీలతో రాసుకుని వెళ్లండి. మీరు చెప్పినవన్నీ కేస్ షీట్‌లో రాయమని అడగండి. చికిత్సకే కాదు, రేపు ఇన్సూరెన్స్ దగ్గరా అదే సాక్ష్యం.

సైకిల్ ఎక్కగలరా అంటే, ఎక్కగలరనే నా నమ్మకం. ఇప్పుడు మాత్రం రోడ్డు మీదకు వద్దు. కంకషన్ తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే కోలుకోవడం ఇంకా కష్టమవుతుంది. కళ్లు తిరుగుతున్నంత కాలం కారూ నడపకండి. ముందు కదలని సైకిల్ మీద పది నిమిషాలు తొక్కి చూడండి, నడకకు చెప్పిన మార్కుల లెక్కే దీనికీ. తల తిరగడం పూర్తిగా పోవాలి, మెడ తిప్పి వెనక చూసినప్పుడు నొప్పి ఉండకూడదు, కుడి చేత్తో బ్రేకు గట్టిగా నొక్కగలగాలి, మణికట్టు గురించి ఆర్థోపెడిక్ డాక్టర్ సరేననాలి. ఇవన్నీ కుదిరాక కొత్త హెల్మెట్‌తో, బండ్లు లేని చోట, తోడు ఒకరిని పెట్టుకుని మొదలుపెట్టండి. ప్రమాదం జరిగిన ఆ మలుపు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలన్నది మీ థెరపిస్టుతో కలిసి తేల్చుకోండి, అంతకు ముందు దగ్గరి దారి అయినా అటు పోవద్దు.